వేడి చేప, నిలువ సకినం

జూరాల ఆనకట్టను చూడవచ్చినవారు అక్కడి చిన్న హోటళ్ళలో వేయించిన చేపముక్కలను పళ్ళెంలో పెట్టించుకొని, నోరు కాలుతున్నా ఊదుకొంటూ అక్కడనే తినివేస్తారు. సంక్రాంతికి ఇంట చుట్టిన సకినాలను మాత్రం డబ్బాలకెత్తి నెల పొడుగునా తింటారు. చేప నూనెలో వేగినదే. సకినమూ నూనెలో వేగినదే. రెండింటి కిందా మండినది ఒకే రకపు మంట. అయినా చేపముక్క మరునాటికి తినడానికి పనికిరాదు. సకినం పక్షం గడచినా కరకరలాడుతూనే ఉంటుంది. ఈ భేదానికి కారణం ఏమి? ఉప్పా, కారమా, నూనెయా? ఇవేవీ ముఖ్యకారణాలు కావు. అసలు కారణం నీరు.

ఆత్మకూరు ప్రాంతపు తిండిని ఈ దృష్టితో పరిశీలిస్తే ఎన్నో శాస్త్రవిషయాలు బోధపడతాయి. ఈ పట్టణం పూర్వం అమరచింత సంస్థానానికి ముఖ్యపట్టణం. చాలాకాలం మహబూబునగరు జిల్లాలో ఉండి, 2016లో కొత్తగా ఏర్పడిన వనపర్తి జిల్లాలో చేరినది. వానలు తక్కువైన మెట్టసీమ కావడంచేత జొన్న, సజ్జ, కంది, పల్లి ఇక్కడి పాతపంటలు. ఊరికి దగ్గరలోనే కృష్ణానది పారుతున్నది. తెలంగాణలో కృష్ణపై మొదట తగిలే ఆనకట్ట జూరాల. దీని జలాశయం 1995లో ప్రారంభమైనది. ఈ విధంగా మెట్ట ధాన్యమూ, నదిలోని చేపా, కాలువ కింద పండిన బియ్యమూ ఒకే చోట కలిసినవి. దీపావళి తరువాత జరిగే కురుమూర్తి జాతరకు స్వామి ఆభరణాలు ఆత్మకూరు నుండియే ఊరేగింపుగా వెళతాయి. ఆ జాతరలోనూ, బతుకమ్మకూ, సంక్రాంతికీ కనిపించే తినుబండారాలన్నిటినీ నీటి లెక్కనుబట్టి నాలుగు తరగతులుగా విభజింపవచ్చును: నీరు ఉండగానే వేడివేడిగా తినవలసినవి, నీటిని వెళ్ళగొట్టి నిలువచేసేవి, నీటిని తీపితో కట్టివేసినవి, నీరున్నా పులుపుతో కాపాడబడేవి.

ఉన్న నీరు, దొరికే నీరు

ఆహారం చెడిపోవడమంటే చాలవరకు దానిలో సూక్ష్మజీవులు పెరగడమే. వాటికి మనవలెనే నీరు కావాలి. అయితే ఒక పదార్థంలో నీరు ఎంత ఉన్నదనేది ఒక ప్రశ్న. ఆ నీటిలో సూక్ష్మజీవులకు దొరికేది ఎంత అనేది మరొక ప్రశ్న. చక్కెర, ఉప్పు వంటివి నీటి అణువులను తమచుట్టూ పట్టి ఉంచుతాయి. అట్లా పట్టుబడిన నీరు సూక్ష్మజీవులకు అందదు. అరిసెను వేలితో నొక్కితే మెత్తగా, తేమగా తోస్తుంది. అయినా అన్నం బూజు పట్టినంత త్వరగా అరిసె పట్టదు.

దొరికే నీటిని కొలిచే మానానికి నీటి క్రియాశీలత అని పేరు. ఒక పదార్థంపై నిలిచే నీటి ఆవిరి పీడనాన్ని, అదే ఉష్ణోగ్రతవద్ద శుద్ధజలంపై నిలిచే ఆవిరి పీడనంతో భాగిస్తే ఈ సంఖ్య వస్తుంది. శుద్ధజలానికి ఇది 1. పూర్తిగా ఎండినదానికి 0. ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు డబ్ల్యు. జె. స్కాట్ 1950 తరువాతి సంవత్సరాలలో సూక్ష్మజీవుల పెరుగుదల ఈ సంఖ్యపై ఆధారపడి ఉంటుందని పరిశోధించి చూపినాడు. ఆహారాన్ని చెడగొట్టే బాక్టీరియాలలో చాలావరకు 0.90కి దిగువన పెరగలేవు. బూజులు ఇంకా మొండివి. చాలా బూజులు 0.80 వరకు పెరుగుతాయి. 0.60కి దిగువన ఏ సూక్ష్మజీవీ పెరగదు. పచ్చి చేపకు ఈ సంఖ్య సుమారు 0.99. బాగా వేగిన పిండివంటకు 0.60 కంటె ఎంతో తక్కువ. ఒకటి వేడిగా తినవలసినదీ, రెండవది నిలువ ఉండేదీ ఎందుకైనదో ఈ రెండు సంఖ్యలే చెబుతున్నవి.

ఆనకట్ట దగ్గరి చేప

బొచ్చె, రవ్వ వంటి నదిచేపల మాంసంలో నూటికి 75 నుండి 80 పాళ్ళు నీరే. ఉప్పు, కారం, పసుపు, అల్లంవెల్లుల్లి ముద్ద పట్టించిన ముక్కను సుమారు 180 డిగ్రీల సెంటీగ్రేడు వేడి ఉన్న నూనెలో వేయగానే చుయ్యిమని శబ్దం వస్తుంది. నూనె తనంతట తాను చేసే శబ్దం కాదు అది. ముక్క ఉపరితలంలోని నీరు 100 డిగ్రీల వద్ద ఆవిరియై, బుడగలుగా బయటికి దూసుకొని రావడంవలన కలిగేది. ఒక ఘనసెంటీమీటరు నీరు ఆవిరి అయితే దాదాపు 1,700 ఘనసెంటీమీటర్ల చోటు ఆక్రమిస్తుంది. ఇంత వేగంగా ఆవిరి వెలుపలికి వస్తున్నంతసేపు నూనె లోపలికి చొరలేదు.

నీరున్న భాగం 100 డిగ్రీలను దాటి వేడెక్కదు. కాబట్టి నూనె 180 డిగ్రీలు ఉన్నా ముక్క నడిభాగం ఆవిరిలో ఉడికినట్లే మెత్తగా ఉడుకుతుంది. పైపొర మాత్రం నీటిని కోల్పోయి, 100 డిగ్రీలను దాటి ఎర్రబడుతుంది. అప్పుడు అక్కడి మాంసకృత్తులకూ, చక్కెరలకూ మధ్య రసాయన చర్యలు జరిగి గోధుమవర్ణమూ, కమ్మని వాసనా పుడతాయి. ఈ చర్యలను 1912లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మైయార్ వర్ణించినాడు. ఉడకబెట్టిన చేపకు ఈ రంగూ, వాసనా ఎందుకు రావో దీనినిబట్టి గ్రహించవచ్చును: నీటిలో ఉన్నది 100 డిగ్రీలను దాటలేదు.

మేకమాంసం గంటసేపు ఉడకవలసి ఉండగా చేప కొద్ది నిమిషాలలో ఎట్లా ఉడుకుతుంది? నేలపై నడిచే జంతువు తన బరువును తాను మోయవలెను. అందుకు దాని కండరాలను బిగించి ఉంచే కొల్లాజెన్ అనే గట్టి మాంసకృత్తు ఎక్కువ. చేప బరువును నీరే మోస్తుంది. కాబట్టి చేపలో కొల్లాజెన్ తక్కువ. ఉన్నదైనా తక్కువ వేడికే కరగిపోతుంది.

వేగిన చేపపై నిమ్మరసం పిండడంలో రుచి ఒక్కటే ప్రయోజనం కాదు. నిలువనీటి చేపలకు ఒక్కొక్కప్పుడు మట్టివాసన ఉంటుంది. నీటిలోని నీలి ఆకుపచ్చ నాచు, మరికొన్ని సూక్ష్మజీవులు తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థమే దీనికి కారణం. తొలకరి చినుకు పడగానే ఎర్రనేల నుండి లేచే కమ్మదనమూ దీని వాసనయే. లీటరు నీటిలో గ్రాములో పది కోట్లవ వంతు ఉన్నా మన ముక్కు దీనిని పసిగట్టగలదు. నేలపై ఇష్టమైనది చేపలో అయిష్టమవుతుంది! నిమ్మరసంలోని, చింతపండులోని ఆమ్లాలు జియోస్మిన్‌ను వాసనలేని పదార్థంగా మార్చివేస్తాయి. చేపల పులుసులో చింతపండు చేరడానికి రుచితోపాటు ఈ ప్రయోజనమూ ఉన్నది.

పైపొర ఎంత వేగినా, ముక్క నడుమ నీరు నిలిచే ఉన్నది. 5 డిగ్రీల నుండి 60 డిగ్రీల వరకు ఉన్న వేడిలో బాక్టీరియాలు చురుకుగా పెరుగుతాయి. అనుకూల పరిస్థితులలో కొన్ని జాతులు 20 నిమిషాలకొకసారి రెట్టింపవుతాయి. ఒక్క బాక్టీరియా ఉన్నదనుకొంటే ఆరు గంటలలో 18 రెట్టింపులు, అంటే 2,62,144. అందుచేత వేయించిన చేపను వేడి ఆరకముందే తినడం ఉత్తమమైన పద్ధతి.

జొన్నరొట్టె, పేలాలు

జొన్నరొట్టె కూడా నీరు ఉండగానే తినవలసినదే. గోధుమపిండిని తడిపితే గ్లూటెన్ అనే సాగే జిగురు ఏర్పడుతుంది. జొన్నలో ఆ జిగురు లేదు. అందుకని రొట్టెలు చేసేవారు మసలే నీళ్ళు పోసి పిండి కలుపుతారు. సుమారు 70 డిగ్రీల వద్ద జొన్నలోని పిండిపదార్థం నీటిని పీల్చి ఉబ్బి జిగురెక్కుతుంది. గ్లూటెన్ చేయవలసిన పనిని ఇది కొంతవరకు చేస్తుంది. రొట్టెను పెనంమీద వేసిన తరువాత పైన తడిచేత్తో నీరు రాయడమూ శాస్త్రీయమే. అది పైపొర త్వరగా ఎండి పగలకుండా కాపాడుతుంది. తిరగవేసి కాల్చినప్పుడు లోపలి నీరు ఆవిరియై రెండు పొరలను వేరుచేసి రొట్టెను పొంగిస్తుంది.

పొద్దున మెత్తగా ఉన్న రొట్టె సాయంత్రానికి గట్టిపడుతుంది. ఎండడం ఒక్కటే ఇందుకు కారణం కాదు. ఉబ్బిన పిండిపదార్థపు అణువులు చల్లారినకొద్దీ మళ్ళీ ఒకదానిపక్క ఒకటి బారులు తీరి స్ఫటికాలవలె బిగుస్తాయి. బతుకమ్మ పండుగకు చేసే మలీద ఈ చిక్కు నుండి ఒక ఉపాయంతో తప్పించుకొంటుంది. రొట్టెను వేడిమీదనే నలిపి, బెల్లమూ నెయ్యీ కలిపి ముద్దచేస్తారు. ముక్కలైన రొట్టె గట్టిపడినా పంటికి తెలియదు. బెల్లం తేమను పట్టి ఉంచుతుంది.

రొట్టెలో నీరు ముందుగా చేర్చి వాడుకొంటే, పేలాలలో గింజలో సహజంగా ఉన్న నీరే పని చేస్తుంది. తొలి ఏకాదశినాడు జొన్నపేలాలను దంచి బెల్లం కలిపి తినడం తెలంగాణలో ఆచారం. గింజను వేడి మూకుడులో వేసినప్పుడు లోపలి తేమ ఆవిరి అవుతుంది. గట్టిపొట్టు దానిని బయటికి పోనీయదు. పీడనం పెరిగి పెరిగి పొట్టు ఒక్కసారిగా పగులుతుంది. మెత్తబడిన పిండి తెల్లని నురుగువలె విచ్చుకొని క్షణంలో గట్టిపడుతుంది. మరీ ఎండిపోయిన గింజ పేలదు. పొట్టు పగిలిన గింజా పేలదు. మొదటిదానిలో ఆవిరికి నీరు చాలదు. రెండవదానిలో ఆవిరి నిలవదు.

సకినం కథ

సకినాలకు కావలసినవి బియ్యం, నువ్వులు, వాము, ఉప్పు, వేయించడానికి నూనె. బియ్యాన్ని నానబెట్టి, వడకట్టి, తడిమీదనే పిండి పట్టిస్తారు. నువ్వులు, వాము కలిపిన పిండిని బొటనవేలితో, చూపుడువేలితో మెలితిప్పుతూ పరచిన బట్టపై చుట్లు చుట్లుగా పెడతారు. పళ్ళెంలో కాక బట్టపైననే ఎందుకు పెట్టాలి? నూలుబట్ట పిండిలోని అదనపు నీటిని పీల్చివేస్తుంది. కొంతసేపు ఆరిన సకినం విరగకుండా చేతికి వస్తుంది, నూనెలో చిట్లదు, నూనెను తక్కువగా పీలుస్తుంది. అనగా నీటిని వెళ్ళగొట్టే పని పొయ్యి వెలిగించకముందే మొదలయినదన్నమాట.

సకినపు చుట్టు సన్ననిది. మినపగారె లావైనది. ఒకే నూనెలో వేసినా గారె నడుమ నుండి నీరు బయటపడేలోగా పైపొర ఎర్రబడుతుంది. అందుచేత గారె లోపల మెత్తగా ఉండి మరునాటికి చెడుతుంది. సకినంలో ఏ బిందువూ ఉపరితలానికి దూరం కాదు. నీరంతా ఆవిరియై పోతుంది. నూనెలో బుడగలు తగ్గి చప్పుడు అణగినప్పుడు అనుభవజ్ఞులైన స్త్రీలు సకినాలను దేవుతారు. నీరు అయిపోయినదని చెప్పే గుర్తు అది.

నూనె సకినంలోకి ఎక్కువగా ప్రవేశించేది వేగుతున్నప్పుడు కాదు, బయటికి తీసిన తరువాత. ఖాళీ రంధ్రాలలోని ఆవిరి చల్లారి నీరుగా మారగానే లోపల పీడనం తగ్గి, పైనంటిన నూనె లోపలికి లాగబడుతుంది. కాబట్టి వేడిగా ఉండగానే జల్లిగంటెలో నూనె ఒడియనీయడం మంచిది.

కరకరకు కారణం ఏమి? నీరు లేని పిండిపదార్థం గాజువంటి స్థితిలో ఉంటుంది. గాజు వంగదు, పగులుతుంది. పలుచని గోడలు ఒక్కొక్కటే పగిలేటప్పటి చిన్న చిన్న శబ్దాలే కరకర. గాలిలోని తేమ సోకితే నీటి అణువులు పిండి అణువుల మధ్యకు చొరబడి, అవి కదలడానికి వీలు కల్పిస్తాయి. అప్పుడు గాజుస్థితి పోయి తోలువంటి సాగుడుతనం వస్తుంది. దీనినే సకినం మెత్తబడినదంటారు. ఆ స్థితిలోనూ అది చెడిపోయినట్లు కాదు. సన్ననిసెగపై వేడిచేస్తే నీరు పోయి తిరిగి కరకరలాడుతుంది.

సకినానికి సూక్ష్మజీవులు శత్రువులు కావు. గాలిలోని ఆమ్లజని శత్రువు. నూనెతో అది కలిసినకొద్దీ ముక్కవాసన పుడుతుంది. దీనికి నువ్వులూ వామూ కొంత అడ్డుపడతాయి. నువ్వులలోని సెసమాల్, వాములోని థైమాల్ నూనె ఆమ్లజనితో కలియడాన్ని ఆలస్యం చేసే పదార్థాలు. రుచికని వేసిన దినుసులు కాపలాకూడా కాస్తున్నవి.

చేపను కూడా సకినంవలె నిలువచేయలేమా? చేసినవారు ఉన్నారు. పందొమ్మిదవ శతాబ్దం నుండి తెలుగువారు ఎందరో కూలిపనికి వెళ్ళి స్థిరపడిన మలేసియాలోనూ, ఇండోనేసియాలోనూ కెరొపొక్ అనే తినుబండారం ఉన్నది. చేప మాంసాన్నిగాని, రొయ్యలనుగాని పిండితో కలిపి ముద్దచేసి, ఆవిరిపై ఉడికించి, పలుచగా కోసి ఎండబెడతారు. ఎండిన బిళ్ళలను నూనెలో వేస్తే మన వడియాలవలెనే పొంగుతాయి. జూరాల దగ్గర వేడిగా తినే చేప అక్కడ డబ్బాలో నిలువ ఉండే అప్పడమైనది. దేశాలు వేరైనా నీటి సూత్రం ఒక్కటే.

తీపి, పులుపు

అరిసెలకు బెల్లంపాకం పట్టేటప్పుడు ఒక చుక్కను నీళ్ళపళ్ళెంలో వేసి చూస్తారు. చేతికి మెత్తని ఉండ వస్తే పాకం కుదిరినట్లు. ఉష్ణమాపకం లేకుండా ఉష్ణోగ్రతను కొలిచే పద్ధతి ఇది. ద్రావణంలో చక్కెర పెరిగినకొద్దీ దాని మరిగేస్థానం పెరుగుతుంది. నూటికి సుమారు 85 పాళ్ళు చక్కెర ఉన్న పాకం 112 నుండి 116 డిగ్రీల మధ్య మరుగుతుంది, ఉండపాకమంటే ఇదే. ఈ పాకంలో మిగిలిన నీటిని చక్కెర అణువులు గట్టిగా పట్టి ఉంచుతాయి. పాకం లేతదయితే అరిసె బూజుపడుతుంది. ముదిరితే రాయి అవుతుంది.

సద్దుల బతుకమ్మనాటి పులిహోరది మరొక మార్గం. అన్నంలో నీరు పుష్కలంగా ఉన్నది. వరి గింజను అంటి ఉండే కొన్ని బాక్టీరియాల బీజాలు ఉడికినా చావవు. అన్నం చల్లారినప్పుడు మొలకెత్తి పెరుగుతాయి. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం వాటి వృద్ధిని మందగింపజేస్తుంది. కాబట్టి చెరువుగట్టుకు మోసుకొనిపోయి సాయంత్రం పంచుకొనే సద్దులలో పులుపుసద్దికి మన్నిక ఎక్కువ. అయితే పులుపు ఒక పూటను కాపాడగలదు; వారాన్ని కాపాడలేదు.

లెక్క తప్పితే

నీటి లెక్క తప్పడంవలన కలిగే నష్టం రుచితో ఆగదు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు కారణం తెలియకుండా చనిపోయినవి. బ్రెజిల్ నుండి వచ్చిన పల్లీచెక్కకు పట్టిన ఒక బూజు ఉత్పత్తిచేసే విషమే కారణమని తరువాత తేలినది. దానికి అఫ్లటాక్సిన్ అని పేరు. 1974లో గుజరాతు, రాజస్థానులలోని గ్రామాలలో అకాలవర్షాలకు తడిసి బూజుపట్టిన మొక్కజొన్నను తిన్నవారిలో 397 మందికి కాలేయవ్యాధి సోకగా 106 మంది మరణించినారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు ఈ వ్యాధిని పరిశోధించి అఫ్లటాక్సిన్ పాత్రను వెల్లడిచేసినారు.

పల్లి విరివిగా పండే ఈ ప్రాంతానికి ఇది ముఖ్యమైన పాఠం. పల్లిగింజలో తేమ 8 శాతానికి మించకుండా ఎండబెట్టి నిలువచేయాలి. ముడుచుకుపోయినవి, రంగుమారినవి, చేదుగా ఉన్నవి ఏరి పారవేయాలి. వేయించినంతమాత్రాన ఈ విషం పూర్తిగా నశించదు. పాచిపోయిన చేపను మళ్ళీ వేయిస్తే దోషం పోతుందనుకోవడం కూడా పొరపాటే. వేడికి బాక్టీరియాలు చచ్చినా, వాటిలో కొన్ని అంతకుముందే విడిచిన విషాలు మరిగే వేడినికూడా తట్టుకొంటాయి.

నూనె విషయమూ గమనింపదగినది. పదేపదే కాచిన నూనె ఆవిరితోనూ ఆమ్లజనితోనూ కలిసి క్రమంగా విరిగిపోతుంది. భారతదేశంలో 2018 జూలై 1 నుండి, ఇట్లా పుట్టే ధ్రువీయ పదార్థాలు 25 శాతాన్ని మించిన నూనెను వంటకు వాడరాదని నియమం ఉన్నది. నూనె నల్లబడి, చిక్కబడి, నురుగు కట్టి, తక్కువ వేడికే పొగ చిమ్ముతుంటే అది పారబోయవలసినదని తెలుసుకోవాలి.

తరగతిలో చేయదగిన పరీక్ష

మూతబిగువైన రెండు డబ్బాలు, నాలుగు సకినాలు, ఒక సున్నితపు త్రాసు ఉంటే ఈ సూత్రాన్ని విద్యార్థులు స్వయంగా పరీక్షించవచ్చును. మొదటి డబ్బా అడుగున చిన్న గిన్నెలో, ఇక కరగనంత ఉప్పు వేసిన నీటిని ఉంచాలి. ఇటువంటి సంతృప్త ఉప్పునీటిపై గాలి తేమ సుమారు 75 శాతం వద్ద నిలుస్తుంది. రెండవ డబ్బాలో వేయించి చల్లార్చిన బియ్యం పోయాలి. అది తేమను పీలుస్తుంది. తూచిన సకినాలను రెండేసి చొప్పున, నీటికిగాని బియ్యానికిగాని తగలకుండా చిన్న జల్లెడపై ఉంచి మూతపెట్టాలి. రెండు రోజుల తరువాత మళ్ళీ తూచి, పెరిగిన బరువును మొదటి బరువుతో భాగించి, నూటితో గుణిస్తే పీల్చిన తేమ శాతం తెలుస్తుంది. తరువాత ఒక్కొక్క సకినాన్ని విరిచి చప్పుడు వినాలి. మొదటి డబ్బాలోని రెండవ సకినాన్ని సన్ననిసెగపై వేడిచేసి, చల్లార్చి, తిరిగి తూస్తే పోయిన కరకర ఎక్కడినుండి తిరిగి వచ్చినదో త్రాసే చూపుతుంది. పరీక్షకు వాడిన సకినాలను తినరాదు.

పెనంపై తడిచేయి రాయడం, బట్టపై సకినం చుట్టడం, పాకాన్ని నీటిలో వేసి చూడడం తల్లులనుండి కూతుళ్ళకు వచ్చిన పద్ధతులు. వాటికి నీటి క్రియాశీలత అనే పేరు తరువాత వచ్చినది. పేరుతోపాటు కారణం కూడా తెలిసినవారు, పండుగ తిండిలో ఏది నేడే తినవలసినదో, ఏది డబ్బాకెత్తదగినదో, ఏది పారవేయవలసినదో సందేహం లేకుండా నిర్ణయించుకోగలుగుతారు.